చెట్టు ఖరీదు కలపేనా?

కిందటి నెల ఒక పల్లె సంఘం నుంచి ఇద్దరు పెద్దలు మా కార్యాలయానికి వచ్చారు. వాళ్ల ఊరి రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మందిరం ఆవరణలో కొంత భాగం పోతుంది. చేతిలో ఉన్న కాగితంలో ప్రహరీ గోడ ఇన్ని మీటర్లు, రేకుల షెడ్డు ఒకటి, వేపచెట్లు రెండు, నిద్రగన్నేరు ఒకటి అని వరసగా రాసి, ఎదురుగా రూపాయలు వేసి ఉన్నాయి. గోడ లెక్కతో, షెడ్డు లెక్కతో వాళ్లకు పేచీ లేదు. నిద్రగన్నేరు దగ్గరే మనసు ఆగిపోయింది. మందిరం కట్టక ముందు ఆ సంఘం ఆరాధన జరిగింది దాని కిందే. ఇప్పటికీ సండే స్కూలు అక్కడే, పెళ్లి భోజనాలు అక్కడే, భూస్థాపనకు వచ్చినవాళ్లు కూర్చునేదీ అక్కడే. కాగితంలో దానికి కట్టింది కట్టెల ధర. “అయ్యగారూ, దీని ఖరీదు ఇంతేనా?” అని పెద్దాయన అడిగారు.

ఆ కాగితం రాసిన ఉద్యోగిని తప్పు పట్టలేం. కలపకు బజారులో ధర ఉంది, అది వేశాడు. నీడకు బజారు లేదు, కాబట్టి దానికి గడే లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రభుత్వ లెక్కల్లో ధర తెలియని వస్తువు “వెల కట్టలేనిది” అనిపించుకోదు, సున్నా అయి కూర్చుంటుంది. రోడ్డు వల్ల ఆదా అయ్యే డీజిలుకు, మిగిలే సమయానికి లెక్క ఉంటుంది. పోయే నీడకు ఉండదు. రెండూ తక్కెడలో పెడితే ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

ఆ ఖాళీ గడిని నింపడానికే ఆర్థికవేత్తలు కొన్ని పద్ధతులు తయారు చేశారు. చెట్టు లేకపోతే దాని పని మరొకదానితో చేయించడానికి ఎంత అవుతుందో చూడటం ఒకటి. మన పెద్దల విషయంలో ఏడాదికి ఎన్నిసార్లు షామియానా వేయించాలో, అద్దె ఎంతో లెక్క వేస్తే చాలు. ఒక అందమైన చోటు చూడటానికి జనం ఎంత దూరం నుంచి, ఎంత ఖర్చు పెట్టుకొని వస్తున్నారో లెక్కించడం మరొకటి. చెరువు పక్క ఇంటికీ, అలాంటిదే దూరంగా ఉన్న ఇంటికీ ధరలో తేడా చూసి చెరువు విలువ అంచనా కట్టేవారూ ఉన్నారు.

వీటన్నిటిలోకి మాకు బలంగా తోచేది, తప్పిన నష్టాన్ని లెక్కించడం. 1999 అక్టోబరులో ఒడిశాను పెనుతుపాను ముంచింది. ఆ తరువాత సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కేంద్రపడా జిల్లాలోని 409 గ్రామాల మరణాల లెక్క తీసి 2009లో ప్రచురించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తక్కువ. అప్పటికి మిగిలి ఉన్న ఆ కాస్త మడ అడవి కూడా లేకపోతే సగటున ఊరికి 1.72 మంది అదనంగా చనిపోయేవారని వాళ్లు తేల్చారు. ముందస్తు హెచ్చరికలు అంతకంటే ఎక్కువ మందిని కాపాడాయని కూడా దాచకుండా రాశారు. అందుకే ఆ లెక్కను నమ్మబుద్ధి వేస్తుంది. దివిసీమలో 1977 నవంబరు 19ని చూసినవాళ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. మడ అడవిని బురద నేల అని రాసి రొయ్యల చెరువుకో ఇళ్ల స్థలాలకో కేటాయించే ముందు, ఆ ఫైల్లో ఇలాంటి అంకె ఒకటి ఉండాలా వద్దా? ఉండాలనే మేమంటాం.

అలాగని పెద్ద అంకె కనబడగానే సంబరపడటం కూడా పొరపాటే. పశ్చిమ బెంగాల్లో రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టవలసి వచ్చినప్పుడు వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు వేసిన నిపుణుల కమిటీ 2021లో, చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని, దాన్ని చెట్టు వయసుతో హెచ్చవేయాలని చెప్పింది. పత్రికలన్నీ గొప్పగా రాశాయి. అయితే ఆ మొత్తంలో 45,000 ప్రాణవాయువు పేరుతో వేసినవే. గాలిలో ప్రాణవాయువుకు ఇప్పుడు కొరత లేదు. ఒక చెట్టు పోయినంత మాత్రాన మనం సిలిండరు కొనుక్కోం. ఇలా పెంచిన లెక్కను అవతలి వకీలు ఒక్క ప్రశ్నతో పడగొడతాడు, దానితోపాటు నీడ, వాన నీరు ఇంకడం లాంటి నిజమైన విలువలు కూడా పడిపోతాయి. చివరికి 2023లో ఆ చెట్లు కొట్టడానికి సుప్రీంకోర్టే దారి ఇచ్చింది.

అడవుల విషయంలో మన దేశంలో ఇప్పటికే ఒక ధరల పట్టిక ఉంది. అటవీ భూమిని గనికో ఆనకట్టకో ఇచ్చేటప్పుడు, ఆ అడవి రాబోయే ఏళ్లలో ఇచ్చే మేలునంతా నేటి రూపాయల్లోకి మార్చి వసూలు చేయాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని నికర వర్తమాన విలువ అంటారు. 2008లో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల వరకు నిర్ణయించారు, 2022లో పెంచారు. అభయారణ్యమైతే అయిదు రెట్లు, జాతీయ పార్కైతే పది రెట్లు. మంచిదే. కానీ ఆ సొమ్ము చేరేది అడవుల పెంపకం నిధికి. తునికాకు కోసుకొని, ఇప్పపూలు ఏరుకొని బతికే కుటుంబం ఆ అడవిని పోగొట్టుకుంటే, దాని పేరున అందులో ఒక వరస కూడా ఉండదు.

ఇంకొక పద్ధతి ఉంది, జనాన్ని నేరుగా అడగడం. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి అలాస్కా సముద్రంలోకి చమురు ఒలికినప్పుడు అమెరికాలో ఇలాగే ఇళ్లకు వెళ్లి అడిగారు. ఆ పద్ధతి నమ్మదగినదేనా అని చూడటానికి నోబెల్ గ్రహీతలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో అధ్యక్షతన వేసిన బృందం, జాగ్రత్తగా చేస్తే కోర్టు విచారణకు పనికొస్తుందని 1993లో అంగీకరించింది. మా అనుమానం మాత్రం పద్ధతి మీద కాదు, ప్రశ్న మీద. “ఈ చెరువును కాపాడటానికి నెలకు ఎంత ఇస్తారు?” అని అడిగితే అపార్ట్‌మెంటు ఆయన అయిదు వందలు అంటాడు. అందులో చేపలు పట్టుకొని పిల్లల్ని పెంచుతున్న తల్లి పది రూపాయలు అంటుంది, ఆమె దగ్గర ఉన్నది అంతే కాబట్టి. కూడికలో ఆయన మాట యాభై రెట్లు బరువు తూగుతుంది. అదే ప్రశ్నను తిప్పి, “ఎంత ఇస్తే ఈ చెరువును వదులుకుంటావమ్మా?” అని అడిగి చూడండి. జవాబు వేరుగా వస్తుంది. ఒక్కోసారి అంకే రాదు.

అంకె రాని చోటు మన పొరుగునే ఉంది. ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకానికి 2008లో కోర్టు షరతులతో ఒప్పుకుంది. అక్కడి అడవికి నికర వర్తమాన విలువగా 55 కోట్లు కట్టాలన్నది. కాగితం మీద లెక్క సరిపోయింది. అయిదేళ్ల తరువాత, 2013 ఏప్రిల్లో, అదే కోర్టు కొండ కింద బతికేవారినే అడగమన్నది. పన్నెండు గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులూ వారి ఇరుగుపొరుగులూ పన్నెండు చోట్లా వద్దన్నారు. బైబిలు చదివేవారికి ఇది కొత్త కథేమీ కాదు. ద్రాక్షతోటకు అహాబు ఇస్తానన్న ధర తక్కువని నాబోతు అనలేదు. పితరుల స్వాస్థ్యం అమ్మేది కాదన్నాడు.

కాబట్టి ఆ ఇద్దరు పెద్దలకు మేము రెండు మాటలు చెప్పాం. మొదటిది, లెక్క అడగడానికి మొహమాటపడవద్దని. “దేవుడిచ్చిన చెట్టుకు ధర ఏమిటి” అని మనం ఊరుకుంటే ఫైల్లో సున్నా అలాగే ఉండిపోతుంది. ఆ ధర ఎలా కట్టారో కాగితం ఇవ్వమని సమాచార హక్కు కింద అడగవచ్చు. షామియానా అద్దె, దాని కింద కూర్చునేవాళ్ల సంఖ్య, చెట్టు వయసు రాసి అభ్యంతరం ఇవ్వవచ్చు. చెట్లు కొట్టడానికి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకున్నారా అని కూడా అడగవచ్చు. రెండవది, రూపాయలు పెంచమని మాత్రమే రాయవద్దని. అలా రాస్తే పెంచి ఇచ్చి, కొట్టేస్తారు. గీతను కొంచెం అటు జరపడానికి ఎంత ఖర్చవుతుందో ముందు అడగాలి. నీడ విలువ రాసేది ఆ ఖర్చుతో పోల్చి చూడటానికే.

సంఘంలోనూ ఒకే మాట లేదు. రోడ్డు వస్తే అంబులెన్సు తిన్నగా ఊళ్లోకి వస్తుందని కుర్రవాళ్లు అంటున్నారట. అదీ లెక్కలో రాయవలసిందే అన్నాం.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక టేపు పట్టుకొని కొలిచారట. అధికారులు వేసిన సున్నపు గీత నిద్రగన్నేరు మానుకు నాలుగు అడుగులు అవతల నుంచి పోతోంది. అభ్యంతరాల కాగితం ఈ వారంలో తహశీల్దారు గారికి ఇస్తామని ఫోను చేసి చెప్పారు.