పెద్ద చక్రాల ఎస్‌యూవీ

విలాసవంతమైన ఎస్‌యూవీకి కర్మాగారంలో బిగించిన చక్రాలను తొలగించి, 22 నుండి 26 అంగుళాల వరకు, ఒక్కోసారి అంతకు మించిన వ్యాసం గల రిమ్ములను అమర్చి, రంగును, లోపలి అలంకరణను యజమాని అభిరుచి మేరకు మార్చిన వాహనాన్ని పెద్ద చక్రాల ఎస్‌యూవీ అనవచ్చు. ఈ అలవాటు 2000 దశకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాగా వ్యాపించింది. జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన కాడిలాక్ ఎస్కలేడ్ ఇందుకు పేరొందిన ఉదాహరణ. చూపులకు ఇది అలంకరణ మాత్రమే. అయితే చక్రం మారినప్పుడు బ్రేకులు, స్టీరింగు, స్పీడోమీటరు, టైరు మోయగల బరువు కూడా మారుతాయి.

చరిత్ర

ఫోర్డ్ సంస్థ 1998 మోడలుగా లింకన్ నావిగేటర్‌ను విడుదల చేసింది. దానికి పోటీగా 1999 మోడలుగా ఎస్కలేడ్ వచ్చింది. మొదటి ఎస్కలేడ్ అదే సంస్థకు చెందిన జీఎంసీ యూకన్ డెనాలికి స్వల్ప మార్పులు చేసిన రూపమే. 2002 మోడలుతో దానికి సొంత ఆకృతి ఏర్పడింది. అప్పటివరకు కాడిలాక్ వయసు మళ్ళినవారి కారుగా పేరుపడగా, ఈ వాహనాన్ని హిప్-హాప్ గాయకులు, బాస్కెట్‌బాల్ క్రీడాకారులు ఆదరించారు. 20 అంగుళాల చక్రాన్ని వాడుక భాషలో "డబ్" అనేవారు. కారు ఆగిన తరువాత కూడా బయటి భాగం తిరుగుతూనే ఉండే "స్పిన్నర్" చక్రాలు ఆ రోజులలోనే వచ్చాయి. లాట్రెల్ స్ప్రీవెల్ అనే బాస్కెట్‌బాల్ క్రీడాకారుడి పేరిట వీటిని "స్ప్రీవెల్స్" అని కూడా పిలిచారు.

చిన్న దుకాణాలలో సాగిన ఈ పని క్రమంగా కర్మాగారానికి చేరింది. 2007 మోడలు ఎస్కలేడ్‌కు 22 అంగుళాల చక్రాలను, 2025 మోడలుకు 24 అంగుళాల చక్రాలను తయారీదారే అదనపు సౌకర్యంగా అందించాడు. అయితే ఈ రెండు మార్గాలు ఒకటి కావు. కర్మాగారంలో టైరు, సస్పెన్షన్, బ్రేకులు ఒకదానికొకటి తగినట్లుగా రూపొందుతాయి. బయటి దుకాణంలో సాధారణంగా చక్రం ఒక్కటే మారుతుంది.

టైరు కొలతల లెక్క

2002 ఎస్కలేడ్ టైరు కొలత 265/70 ఆర్17. ఇందులో 265 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం. 17 రిమ్ము వ్యాసం అంగుళాలలో. దీని ప్రకారం పక్కగోడ ఎత్తు సుమారు 186 మి.మీ., టైరు మొత్తం వ్యాసం సుమారు 803 మి.మీ. అవుతుంది. దీని బదులు 305/30 ఆర్26 టైరు వేస్తే పక్కగోడ 92 మి.మీ.కు తగ్గి, మొత్తం వ్యాసం 843 మి.మీ.కు పెరుగుతుంది.

అనగా రిమ్ము 9 అంగుళాలు పెరిగినా చక్రం మొత్తంగా పెరిగినది 5 శాతమే. కంటికి కనిపించే మార్పంతా రబ్బరు స్థానాన్ని లోహం ఆక్రమించడం వల్ల వచ్చినదే. గుంతలో పడినప్పుడు దెబ్బను మింగే మెత్తని భాగం సగానికి తగ్గింది. కనుక రిమ్ము వంగడం, పగలడం, పక్కగోడ తెగి ఉబ్బడం ఎక్కువవుతాయి. మిగిలిన 5 శాతం కూడా చిన్నది కాదు. స్పీడోమీటరును తిరిగి సరిచేయకపోతే, పాత టైరుతో సరిగా చూపే మీటరు గంటకు 100 కి.మీ. అని చూపుతున్నప్పుడు వాహనం నిజానికి 105 కి.మీ. వేగంతో పోతూ ఉంటుంది.

బరువు, బ్రేకులు

కారు పైకప్పు మీద పెట్టిన కిలో బరువు, చక్రం అంచున చేరిన కిలో బరువు ఒకటి కావు. పైకప్పు మీది బరువు ముందుకు మాత్రమే కదులుతుంది. చక్రం అంచున ఉన్నది ముందుకు కదులుతూ గుండ్రంగా కూడా తిరుగుతుంది. అందువల్ల దానిని వేగవంతం చేయడానికి, ఆపడానికి దాదాపు రెట్టింపు శక్తి కావాలి. దీనికి తోడు చక్రం వ్యాసార్థం పెరిగితే అదే బ్రేకు పట్టుకు రోడ్డు వద్ద లభించే నిరోధక బలం తగ్గుతుంది. పాత బ్రేకు డిస్కునే ఉంచి 26 అంగుళాల రిమ్ము బిగిస్తే అది పెద్ద పళ్ళెంలో చిన్న అప్పచ్చిలా కనిపిస్తుంది. వికారంగా కనిపించడం కన్నా ముఖ్యమైన విషయం, సుమారు రెండున్నర టన్నుల వాహనం ఆగడానికి ఎక్కువ దూరం పట్టవచ్చును.

టైరుపై ముద్రించిన లోడ్ ఇండెక్స్ కూడా చూడవలసినదే. 114 అనే సంఖ్య ఆ టైరు 1,180 కిలోలు మోయగలదని తెలుపుతుంది. పలుచని పక్కగోడ గల టైరులో గాలికి చోటు తక్కువ కనుక, నిర్దేశించిన పీడనం కొంచెం తగ్గినా టైరు వేడెక్కి దెబ్బతింటుంది.

బిగింపు

ఎస్కలేడ్ చక్రానికి ఆరు బోల్టులుంటాయి. వాటి వలయం వ్యాసం 139.7 మి.మీ. బోల్టులు సరిపోయినంత మాత్రాన చక్రం సరిపోయినట్లు కాదు. మధ్య రంధ్రం హబ్బు మీద బిగుతుగా కూర్చోకపోతే వేగంలో వణుకు పుడుతుంది. చక్రం మరీ బయటికి పొడుచుకు వస్తే బేరింగులపై భారం పెరుగుతుంది. నట్లను టార్క్ రెంచితో 140 పౌండ్-అడుగుల (సుమారు 190 న్యూటన్-మీటర్ల) వరకు బిగించి, 80 నుండి 160 కి.మీ. నడిచాక మరల పరీక్షించడం ఆనవాయితీ.

సంరక్షణ

ఇటువంటి వాహనాన్ని లోపల, బయట క్షుణ్ణంగా శుభ్రపరచి మెరుగుపెట్టడాన్ని డీటెయిలింగ్ అంటారు. ఈ పనిలో సాధారణంగా చక్రాలతోనే మొదలుపెడతారు. లేకపోతే వాటి మురికి కడిగిన పెయింటు మీద పడుతుంది. వేడిగా ఉన్న రిమ్ముపై మందు చల్లితే అది ఆరిపోయి మచ్చ పడుతుంది. బ్రేకుల నుండి రాలే ధూళిలో ఇనుప రేణువులుంటాయి. వాటిని కరిగించే ద్రావణం ఊదారంగుకు మారడం పని జరుగుతున్నదనడానికి గుర్తు. ఆమ్లాలతో కూడిన ఘాటైన మందులు పూత లేని అల్యూమినియాన్ని తెల్లగా మసకబారుస్తాయి. మంచు కురిసే ప్రాంతాలలో రోడ్లపై చల్లే ఉప్పు వల్ల క్రోమ్ పూత పొక్కి లేస్తుంది.

టైరుకు నలుపు మెరుపునిచ్చే ద్రవాన్ని పక్కగోడకు మాత్రమే పూయాలి. రోడ్డును తాకే భాగానికి అంటితే బండి జారుతుంది. రిమ్ము లోపలి వైపు అతికించిన సమతుల్యపు బరువులు నీటి ధాటికి ఊడిపోకుండా జాగ్రత్తపడాలి. రిమ్ము వెనుక వైపు పగులును గాని, పక్కగోడ లోపలి ఉబ్బును గాని అందరికంటే ముందు గమనించే అవకాశం చక్రాన్ని చేత్తో కడిగేవానికే ఉంటుంది. అటువంటి గుర్తు కనబడితే మెరుగు పని ఆపి చక్రం విప్పించవలసి ఉంటుంది.

భారతదేశంలో

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో స్కార్పియో, ఫార్చ్యూనర్ వంటి వాహనాలకు పెద్ద రిమ్ములు బిగించడం కనిపిస్తుంది. వాహనాలలో మార్పులను 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నియంత్రిస్తుంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే వాహనపు పై శ్రేణి రకాలకు తయారీదారు ఇచ్చే చక్రాల కొలతను ఎంచుకోవడం కొంత సురక్షితమైన మార్గం. పలుచని టైర్లకు ఇక్కడి గుంతలు, ఎత్తైన స్పీడు బ్రేకర్లు అమెరికా రహదారుల కన్నా కఠినమైన పరీక్ష.