వరల్డ్ క్లబ్ చాలెంజ్ అంటే ఏమిటి?

కబడ్డీలో మనం పట్టుకుని గుంజి పడేస్తాం కదా. బంతి పెట్టుకుని అట్లాగే పడేసే ఆట ఒకటి ఉంది. దాని పేరు రగ్బీ లీగ్. మా పి.ఇ.టి. సారు ఒక మ్యాచ్ చూపించి అర్థం చెప్పినారు. నేను మీకు చెప్తున్నాను.

జట్టుకు 13 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేతితో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇయ్యాలి. ముందుకు పోవాలంటే పట్టుకుని ఉరకాలి, లేకపోతే కాలితో తన్నాలి. ఎదుటివాళ్లు పడేస్తే లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి మళ్లీ ఆడతారు. ఇట్లా ఆరుసార్లు పడితే బంతి అవతలి జట్టుకు పోతుంది. చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు, 4 పాయింట్లు. తరువాత గోల్ కొయ్యల నడుమ నుండి తన్నితే ఇంకా 2. ఆట నడుస్తుండగా బంతిని నేల మీద వదిలి, అది లేవగానే కొయ్యల మధ్యకు తన్నితే 1. ఈ ఒక్క పాయింటు గుర్తు పెట్టుకోండి.

ఇంగ్లండులో సూపర్ లీగ్ గెలిచిన క్లబ్బు, ఆస్ట్రేలియాలో ఎన్.ఆర్.ఎల్. గెలిచిన క్లబ్బు కలిసి ఆడేదే వరల్డ్ క్లబ్ చాలెంజ్. మొదటిది 1976లో సిడ్నీలో జరిగింది. మేము చూసింది 2023 ఫిబ్రవరిది. సెయింట్ హెలెన్స్ వాళ్లు ఇంగ్లండు నుండి పెన్రిత్ వాళ్ల సొంత మైదానానికే పోయి ఆడినారు. ఆట అయిపోతుందనగా సెయింట్ హెలెన్స్‌కు 12, పెన్రిత్‌కు 6. అప్పుడు పెన్రిత్ ఆటగాడు బ్రయన్ టోఓ ట్రై చేసినాడు, క్లీరీ తన్నినాడు, 12-12! మేమంతా అరిచినాం. ఇక ఎవరు ముందు పాయింటు తెస్తే వాళ్లదే గెలుపు. సెయింట్ హెలెన్స్ పిల్లోడు లూయిస్ డాడ్ ఆ ఒక్క పాయింటు తన్నినాడు. 13-12.

కానీ నాకు నచ్చింది సారు తరువాత చెప్పిన సంగతి. అసలు ఈ ఆట ఎందుకు పుట్టిందంటే కూలి గురించి. ఉత్తర ఇంగ్లండులో రగ్బీ ఆడేవాళ్లలో చాలామంది బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. ఆటకు పోతే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలి ఇయ్యాలని క్లబ్బులు అడిగితే రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. డబ్బు కోసం ఆడకూడదన్నారు. వాళ్లకేమి, ఇంట్లో ఉన్నది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ ఊర్లో ఒక హోటల్లో కూర్చుని ఆ క్లబ్బులు విడిపోయినాయి. రోజుకు 6 షిల్లింగుల వరకు ఇయ్యొచ్చని పెట్టుకున్నారు. 15 మంది ఆడే ఆట 13 మందిది అయింది తరువాత, 1906లో. ఆ విడిపోయిన క్లబ్బుల్లో సెయింట్ హెలెన్స్ కూడా ఉంది.

మా అక్క కబడ్డీలో నా కంటే గట్టిది. పత్తి ఏరే రోజుల్లో ఆటలకు పిలిస్తే ఇంట్లో పంపలేదు, ఒక రోజు కూలి పోతుందని. దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఇదంతా అక్కకు చెప్పినాను. అక్క చేతిలో పని ఆపకుండానే విన్నది. "ఆడినందుకు కాదు కదా, పోయిన కూలే కదా అడిగిన్రు" అన్నది.