పాదములు, నడుమునొప్పి

నడుము నొచ్చిన నడుమునకే పట్టు వేయుదుము; మెడ పట్టిన మెడనే తోముకొందుము. ఇది లోకసహజము. కాని గోడ బీటవారినప్పుడు నేర్పరియగు మేస్త్రి పునాదిని గూడ చూచును. మన దేహమునకు పునాది పాదము.

ఒక్కొక్క పాదమున 26 ఎముకలు కలవు. రెంటను గలిపిన 52. దేహములోని 206 ఎముకలలో నిది యించుమించు నాల్గవ పాలు. ఈ చిన్న యెముకలు కమానువలె కూర్పబడుటచే అరికాలి వంపు ఏర్పడినది. అడుగు నేల నానినప్పుడు ఆ వంపు కొంచె మణగి అదురును తగ్గించును. పిమ్మట బిగిసి దేహమును ముందునకు త్రోయును.

ఆ వంపు మితిమీరి యణగినచో పాదము లోపలికి ఒరగును. దానితో ముంగాలు, మోకాలు, తొడ లోపలికి తిరుగును. కటిభాగము ముందునకు వ్రాలి, నడుము కండరములు అలసిపోవచ్చును. మడమనొప్పిచే కుంటుచు నడచువాని మొండెము ఒక ప్రక్కకు ఒరగును. చూపు సమముగా నుండుటకై మెడ రెండవ ప్రక్కకు వంగును. మూటలు మోయువారికిని, దినమెల్ల చెలకలో నిలుచువారికిని ఈ భారము మరింత హెచ్చు.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణమున జరిగి 2013లో ప్రకటింపబడిన పరిశోధనలో, నడచునపుడు పాదము లోపలికి ఒరగు స్త్రీలకు నడుమునొప్పి ఎక్కువగా కనబడినది. పురుషులలో అట్టి సంబంధము కనబడలేదు. మెడనొప్పితో సంబంధము ఇంకను దూరపుది. చెప్పులలో మెత్తలు వేసినంతనే నడుమునొప్పి రాకుండునని రుజువు కాలేదు. కావున పాదము ఒక కారణము కావచ్చునే గాని, సర్వకారణము కాదు.

నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలవారు ఈ మాటను ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. ఇచ్చటి రాతినేల బావులలో, బోర్లలో పెక్కింటి నీటియందు ఫ్లోరైడు అధికము. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. అంతకు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో వెన్నెముక, మెడ బిగిసిపోవును. నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి సిద్దిఖీ గారు 1955లో వైద్యలోకమునకు వివరించిరి. ఫ్లోరైడు పీడిత ప్రాంతములలో పిల్లలకు, యువకులకు మోకాళ్లు లోపలికి వంగి ఒండొంటిని తాకుటను హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో తెలిపిరి. అట్టివారి నడక చెడుటకు మూలము పాదమున లేదు, నీటిలో నున్నది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముచే నదీజలము ఊళ్లకు వచ్చినది. ఆ నీటినే త్రాగుట మేలు. కాని ఒకసారి బిగిసిన వెన్ను మరల సడలుట అరుదు.

ఇంట చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. మోకాళ్లు వంచక కాలివ్రేళ్లను తాకుటకు, గడ్డమును రొమ్మున కానించుటకు, రెండు చేతులను తల వెనుక చేర్చుటకు ప్రయత్నింపుడు. ఈ మూడును సాధ్యము కానిచో, కీళ్లు బిగిసినవని యెరిగి వైద్యుని చూడుడు. త్రాగునీటిని పరీక్ష చేయింపుడు. తడిపాదముతో పొడిబండపై అడుగు వేయుడు. అరికాలంతయు ముద్రపడిన, వంపు తక్కువయని గ్రహింపవచ్చును. నొప్పి లేనిచో దానికి వెరవ నక్కరలేదు. పాతచెప్పులు ఒక ప్రక్కనే మిక్కిలి అరిగిన, నడకను గమనింపుడు.

పాదమునకు బలము చేకూర్చుటయు సులభమే. స్తంభము పట్టుకొని మడమలెత్తి మెల్లగా దింపుచు, దినమునకు పదిసారులతో నారంభింపుడు. మడమ పట్టు గలిగి, వేళ్లను నొక్కని చెప్పులు తొడుగుడు. మధుమేహము గలవారు అరికాళ్లను ప్రతిరాత్రి చూచుకొనవలెను. స్పర్శ తగ్గిన పాదమునకు పుండు పడినను తెలియదు.

కాలు చచ్చుబడుట, మూత్రము పట్టు తప్పుట, నడుమునొప్పితో జ్వరము వచ్చుట కలిగినచో పట్లు, తైలములతో కాలము పుచ్చక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇంటిలో ఎవరైనను నడుమునొప్పి యనినప్పుడు పెద్దలు రెండు ప్రశ్న లడుగవలెను: నీ నడక యెట్లున్నది? నీవు త్రాగు నీరెక్కడిది?