ఒంటి నిండా చొక్కా - చేతి నిండా పని

హైదరాబాదు పాతబస్తీ. చార్మినారు చుట్టూ ఇరుకు గల్లీలు. చాలా ఇళ్ళలో కుట్టు మిషను ఉంటుంది. వంట పని అయ్యాక మిషను చప్పుడు మొదలవుతుంది.

ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు దుకాణాల వాళ్ళకు బట్టలు కుట్టి ఇస్తారు. ఒక్కో చొక్కాకు ఇంత అని కూలి వస్తుంది. ఆ చొక్కా దుకాణంలో ఎంతకు అమ్ముడుపోయిందో కుట్టిన చేతికి తెలియదు.

అదే చొక్కా సొంతంగా కుట్టి అమ్మితే ఎలా ఉంటుంది? అది చేయగలిగిన పనే. కానీ రెండు లెక్కలు తెలియాలి. ఒకటి ఒంటి లెక్క. రెండోది డబ్బు లెక్క.

ఎవరికి కావాలి?

ముస్లిం ఆడవాళ్ళలో కొందరు బురఖా వేసుకుంటారు. కొందరు పొడుగు చొక్కా, సల్వారు, దుపట్టా వేసుకుంటారు. కాలేజీకి పోయే పిల్లలున్నారు. ఆఫీసులో, ఆస్పత్రిలో పని చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు ఒళ్ళు కనబడని చొక్కా కావాలి. అది చూడటానికి అందంగానూ ఉండాలి.

బజారులో దొరికే చొక్కాలతో వాళ్ళకు చిక్కు ఉంది. కొన్నిటికి చేతులు పొట్టి. కొన్నిటి గుడ్డ పల్చన. కొన్నిటికి పక్క చీలిక నడుము దాకా ఉంటుంది. కొన్నాక మళ్ళీ దర్జీ దగ్గరకు పోయి బాగు చేయించుకోవాలి. ఈ చిక్కు తీర్చే చొక్కాకు గిరాకీ ఉంటుంది.

అయితే అందరి ఇష్టం ఒకటి కాదు. ఒకరికి మోకాలు దాకా చాలు. ఇంకొకరికి పిక్కల దాకా కావాలి. అందుకే ముందు అడగాలి. "ఆపా, ఎంత పొడుగు? చేతులు ఎక్కడి దాకా? మెడ ఎంత?" అని అడిగి కాగితం మీద రాసుకోవాలి. రాసుకున్న మాట మరచిపోరు. రేపు తగాదా కూడా రాదు.

గుడ్డ ఎలా ఎంచాలి?

పత్తర్‌గట్టి, మదీనా దగ్గర టోకు బట్టల దుకాణాలు ఉన్నాయి. అక్కడ గుడ్డను మూడు విధాలుగా చూడాలి.

మొదటిది వెలుతురు. గుడ్డను ఎండకు ఎదురుగా పట్టాలి. వెనక పెట్టిన చెయ్యి కనబడితే ఆ గుడ్డ పల్చన. జార్జెట్టు అలాంటిదే. దానికి లైనింగు వేయాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో రాయాలి.

రెండోది జారుడు. రేయాను గుడ్డ మెత్తగా జారుతుంది. వదులుగా కుట్టినా లావుగా కనిపించదు. గంజి ఎక్కువ ఉన్న గుడ్డ బిర్రుగా నిలబడుతుంది.

మూడోది కుంచించుకుపోవడం. నూలు గుడ్డ, రేయాను నీళ్ళలో తడిస్తే కొంత కుదించుకుపోతాయి. కోయకముందే గుడ్డను తడిపి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేయాలి. లేకపోతే ఒక్క ఉతుకుకే చేతులు పొట్టి అవుతాయి. కొన్నామె మళ్ళీ రాదు.

కోతలో వదులు

ఒంటికి అంటని చొక్కాకు ఛాతీ దగ్గర 6 అంగుళాల వదులు పెట్టుకోవచ్చు. ఛాతీ కొలత 36 అంగుళాలు అనుకోండి. వదులుతో కలిపి 42. గుడ్డను నాలుగు మడతలు వేసి కోస్తారు. కాబట్టి 42లో నాలుగో భాగం పదిన్నర. కుట్టుకు 1 అంగుళం కలిపితే పదకొండున్నర. అక్కడ గీత గీయాలి.

పక్క చీలిక తుంటి కిందే మొదలు కావాలి. చీలిక లేకుండా కూడా కుట్టవచ్చు. అప్పుడు రెండు పక్కలా కలీ ముక్క వేయాలి. కలీ ఉంటే అడుగు వేయడానికి వీలవుతుంది. కాలు మాత్రం కనబడదు.

ముందు గుండీలు పెడితే ఒక సంగతి చూడాలి. వంగినప్పుడు గుండీకి గుండీకి మధ్య సందు వస్తుంది. గుండీల పట్టీ లోపల టిచ్ బటన్లు కుడితే ఆ సందు మూసుకుంటుంది. పాలిచ్చే తల్లులకు కుట్టు లోపల జిప్పు పెట్టి ఇవ్వవచ్చు. పైకి ఏమీ కనబడదు.

చేతుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. నమాజుకు ముందు వజూ చేస్తారు. అంటే చేతులు మోచేతుల దాకా కడుక్కుంటారు. మణికట్టు దగ్గర బిగుతుగా ఉంటే చొక్కా చెయ్యి పైకి పోదు. రోజుకు ఐదు సార్లు అదే అవస్థ. అందుకే కఫ్‌కు గుండీ పెట్టాలి, లేదా చెయ్యి వదులుగా కోయాలి.

అందం ఎక్కడ పెట్టాలి?

నిండు చొక్కా అంటే గోనె సంచి కాదు. అందానికి చోటు చాలా ఉంది. కఫ్‌కు వేరే రంగు పట్టీ వేయవచ్చు. మెడ దగ్గర సన్నని కుట్టు పని చేయవచ్చు. ముందు నిలువు మడతలు పెట్టవచ్చు. నిలువు గీతలు మనిషిని పొడుగ్గా చూపిస్తాయి. కింద అంచుకు లేసు కుట్టవచ్చు. అన్నీ ఒకే చొక్కాకు వద్దు. ఒకటి రెండు చాలు. పని ఎక్కువైతే ధర పెరుగుతుంది, రోజూ వేసుకునే చొక్కా కాకుండా పోతుంది.

వేసి చూడాలి

ఒకేసారి ఇరవై చొక్కాలు కోయకూడదు. ముందు ఒక్కటి కుట్టాలి. ఇంట్లోవాళ్ళో, పక్కింటి ఆమో వేసుకుని చూడాలి. చేతులు పైకి ఎత్తాలి. కూర్చోవాలి. బస్సు ఎక్కినట్టు కాలు ఎత్తాలి. నమాజులో సజ్దా చేసినట్టు నేలకు వంగాలి. మెడ ముందుకు వేలాడిందా? నడుము దగ్గర పైకి పోయిందా? చంక పట్టేసిందా? ఎక్కడ తప్పు ఉందో ఇప్పుడే తెలుస్తుంది. ఒక్క చొక్కా పోయినా ఫరవాలేదు. ఇరవై పోతే పెట్టుబడి మునుగుతుంది.

ధర ఎలా కట్టాలి?

ఇక్కడే చాలామంది మోసపోతారు. గుడ్డ ఖర్చు రాస్తారు. తమ కష్టం రాయరు. ఈ లెక్క చూడండి. ఇది నేర్చుకోవడానికి మాత్రమే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

గుడ్డ 3 మీటర్లు, మీటరు 100 చొప్పున - 300 రూపాయలు
బక్రం, గుండీలు, దారం - 45 రూపాయలు
కరెంటు, మిషను నూనె - 10 రూపాయలు
రాకపోకల ఖర్చు - 15 రూపాయలు
మొత్తం సామాను - 370 రూపాయలు

కుట్టడానికి 3 గంటలు. గంటకు 60 చొప్పున - 180 రూపాయలు
అసలు ఖర్చు - 550 రూపాయలు

కొన్ని చొక్కాలు అమ్ముడుపోవు. మిషను చెడిపోతుంది. అందుకు నూటికి పది చొప్పున 55 రూపాయలు కలపాలి. అంటే 605 రూపాయలు.

ఇప్పుడు దుకాణం ఆయన 450కి అడిగాడనుకోండి. "సామాను 370 కదా, 80 మిగులుతుంది" అని ఇచ్చేస్తే ఏమవుతుంది? ఆ 80 లాభం కాదు. అది 3 గంటల కూలి. గంటకు 27 రూపాయలు కూడా పడలేదు. లెక్క రాసుకున్న ఆడమనిషి అప్పుడు "గిట్టదు" అని చెప్పగలదు.

ఎప్పుడు అమ్మాలి?

రంజాను నెల ముందు గిరాకీ బాగా ఉంటుంది. ఈదుకు అందరూ కొత్త బట్టలు కోరుకుంటారు. రంజాను చంద్రుని లెక్కతో వస్తుంది. ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి రంజాను నెల మొదలవుతుంది. కాబట్టి ఏ నెలలో వస్తుందో ముందే చూసుకోవాలి. చలికాలం గుడ్డ వేరు, ఎండాకాలం గుడ్డ వేరు.

ఆర్డరు తీసుకున్నప్పుడు సగం డబ్బు ముందే తీసుకోవాలి. అప్పు ఇస్తే పుస్తకంలో రాయాలి. పేరు, తేదీ, ఎంత రావాలి - ఈ మూడూ ఉండాలి.

పెట్టుబడి

మిషను ఉన్నవాళ్ళు అయిదారు చొక్కాల గుడ్డతో మొదలుపెట్టవచ్చు. అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారి ఒక్కడే దిక్కు కాదు. పొదుపు సంఘం ఉంది. బ్యాంకులో ముద్ర అప్పు ఉంది. అది 2015లో మొదలైంది. అందులో శిశు అనే రకంలో 50,000 రూపాయల దాకా ఇస్తారు. తాకట్టు అడగకూడదు. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది. ఇంటికి ఒక్కరికే ఇస్తారు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు చదవాలి. వడ్డీ ఎంత, నెలకు ఎంత కట్టాలి అని అడగాలి.

మీరే లెక్క కట్టండి

పైన చెప్పిన చొక్కాకు లైనింగు వేయాలి. లైనింగుకు 90 రూపాయలు, కుట్టడానికి ఇంకో గంట పడుతుంది. అసలు ఖర్చు ఎంత? నూటికి పది కలిపితే ధర ఎంత?

జవాబు: అసలు ఖర్చు 700 రూపాయలు. ధర 770 రూపాయలు. మీకూ ఇదే వచ్చిందా? అయితే బేరం దగ్గర మీరు తడబడరు.