ముందు కూర్చున్న కాలు

"తాతయ్యా, పెడిక్యూర్ చేయించుకుంటే కాలి గోళ్లు పుచ్చిపోతాయటగా, నిజమేనా?" అని అడిగావు కదా బుజ్జమ్మా. అక్క పెళ్లి పది రోజుల్లో పెట్టుకుని అడగాల్సిన ప్రశ్నే. కూర్చో, చెబుతాను. ఆ సెల్లు కాసేపు పక్కన పెట్టు.

పెడిక్యూర్‌లో చేసే పనుల్లో గోటికి హాని చేసేవి పెద్దగా లేవు. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నానబెడతారు. మడమల మీద మొద్దుబారిన చర్మాన్ని రుద్ది తీస్తారు. గోళ్లు కత్తిరించి అంచులు నున్నగా చేస్తారు, చివర్న రంగేస్తారు. ఇందులో భయపడాల్సిందేముంది? చిక్కల్లా నీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న కాలితో. ఆ కాలి గోటి పొడి, చర్మపు పొట్టు నీ దాకా వచ్చాయా లేదా అన్నదే అసలు సంగతి. ఏసీ ఎంత చల్లగా ఉంది, నీళ్లలో ఎన్ని గులాబీ రేకులు వేశారు అన్నవాటికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇంతకీ ఆ పొడిలో ఉండేదెవరు? పేరు కాస్త నోరు తిరగదు: ట్రైకోఫైటాన్ రూబ్రమ్. ఒక రకం బూజు. పుట్టగొడుగులు, రొట్టెని పొంగించే ఈస్టు, పచ్చళ్ల జాడీలో మూత సరిగా పెట్టకపోతే తెల్లగా పట్టేది, అన్నీ ఆ వంశానివే. దీని తిండి మాత్రం విచిత్రం. మన వెంట్రుకలు, గోళ్లు, చర్మం పైపొర, గేదె కొమ్ము, కోడి ఈక, ఇవన్నీ కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో తయారవుతాయి. దాన్ని అరిగించుకోగల జీవులు చాలా తక్కువ. ఈ బూజు కెరటిన్‌ని కరిగించే ఎంజైములు వదిలి, కరిగినదాన్ని పీల్చుకుని బతుకుతుంది. పైగా గోటి పలకలో ప్రాణమున్న కణాలు లేవు, నెత్తురు పారదు. నెత్తురు పారని చోటికి మన రక్షక కణాలు గస్తీకి వెళ్లలేవు. అంటే తిండి పుష్కలం, పోలీసు లేడు. ఇక అది ఎందుకు కదులుతుంది చెప్పు!

దీని పూర్వ చరిత్ర నాకు భలే ఇష్టం. ఆల్డో కాస్టెల్లాని అని ఒక ఇటలీ డాక్టరు, 1903 నుంచి కొలంబోలో ఉష్ణదేశాల జబ్బుల మీద పనిచేస్తూ, 1910లో ఈ బూజుని మొదటిసారి వర్ణించాడు. అప్పటికి అది ఎక్కువగా ఆగ్నేయాసియాలో, పశ్చిమ ఆఫ్రికాలో కొన్ని చోట్ల, ఉత్తర ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండేదని పరిశోధకుల అభిప్రాయం. అక్కడి జనానికి అది ఒంటి మీద తామరలా వచ్చేది. పాదాలకి మాత్రం పెద్దగా పట్టేది కాదు, ఎందుకంటే వాళ్లు చెప్పులు వేసేవాళ్లు కాదు. గాలి తగిలి పాదం ఎప్పుడూ పొడిగా ఉండేది. ఆ తర్వాత తెల్ల దొరలొచ్చారు, సైనికులొచ్చారు. వాళ్ల కాళ్లకి రోజంతా బిగించిన బూట్లు. లోపల వేడి, చెమట, చీకటి. బూజు అడగకుండానే దానికి ఇల్లు కట్టిచ్చారు. వాళ్ల కాళ్లలోనే ఓడలెక్కి అది ఐరోపాకీ అమెరికాకీ చేరింది. రెండు ప్రపంచ యుద్ధాలు మిగతా పని పూర్తిచేశాయి. ఇవాళ ప్రపంచంలో గోళ్లు పుచ్చే జబ్బుకి మొదటి ముద్దాయి ఇదే. నీ స్పోర్ట్స్ షూస్‌లోనూ దానికి చోటుంది, అది గుర్తుంచుకో.

దానంతట అది గట్టి గోటిని చీల్చుకుని రాదు. సాధారణంగా ముందు వేళ్ల సందుల్లో చర్మానికి పడుతుంది. దురద, తెల్లగా నానినట్టు పొట్టు రేగడం, చిన్న వాసన. మనం పట్టించుకోం. అక్కడినుంచి గోటి కొన కిందికి పాకుతుంది. సెలూన్‌లో దానికి మరో దారి తెరుస్తారు: గోటి మొదట్లో చర్మాన్ని, గోటిని కలిపి మూసే పల్చటి పొర ఉంటుంది చూడు, క్యూటికల్. అందం కోసం దాన్ని నెట్టి, చెక్కి, కత్తిరిస్తారు. అది ప్రకృతి పెట్టిన సీలు. దాన్ని కత్తిరిస్తే సూక్ష్మజీవులకి లోపలికి దారి దొరుకుతుంది, గోరుచుట్టు లేస్తుంది. నా చిన్నప్పుడు గోరుచుట్టు లేస్తే వేలికి నిమ్మకాయ తొడిగి కూర్చోబెట్టేది మా అమ్మ. ఇప్పుడు డబ్బిచ్చి మరీ తెచ్చుకుంటున్నాం. కాబట్టి అక్క గోళ్లకి క్యూటికల్ ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

గోరు కత్తిరించే పనిముట్లు పదిమందికీ పంచడం మనకేమీ కొత్త కాదులే. మా ఊళ్లో పెళ్లిళ్లకి గోళ్లు తీసిన నహరణి ఊరందరికీ ఒకటే, దాన్ని పంచె కొంగుకి తుడిస్తే శుభ్రమైపోయినట్టు. పాతకాలమంతా పరిశుభ్రమని నేను చెప్పను. అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్కటే: ఇప్పుడు ఒక్క కుర్చీలో రోజుకి ఎన్నో కాళ్లు మారతాయి.

ఇక తొట్టి సంగతి. ఇది బూజు కథ కాదు, బాక్టీరియా కథ. కానీ సెలూన్ శుభ్రత గురించి దీనికంటే పనికొచ్చే పాఠం నాకు తెలీదు. 2000 సంవత్సరంలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్లే ఊళ్లో, ఒకే నెయిల్ సెలూన్‌కి వెళ్లిన 110 మందికి మోకాళ్ల కింద కురుపులు లేచాయి. నెలల తరబడి మానలేదు. ఆరోగ్యశాఖ వాళ్లు పరీక్షిస్తే మైకోబాక్టీరియం ఫార్చుయిటమ్ దొరికింది, క్షయ క్రిమికి దూరపు చుట్టం. మామూలు కుళాయి నీళ్లలో కూడా కొద్దిగా ఉంటుంది, మనల్నేమీ చెయ్యదు. మరి ఇక్కడెందుకు చేసింది? అవి నీళ్లు గిర్రున తిరిగే తొట్లు. నీళ్లని లోపలికి లాగే చోట ఒక జల్లెడ ఉంటుంది. దాన్ని విప్పి చూస్తే వెనకాల వెంట్రుకలూ చర్మపు పొట్టూ పేరుకుపోయి ఉన్నాయి. తొట్టి పైకి తళతళలాడుతూనే ఉంది. ఆ చెత్తలో క్రిములు హాయిగా పెరిగాయి, మోటారు వేసినప్పుడల్లా తర్వాతి కస్టమరు కాళ్ల మీదికి వచ్చాయి. ఇంకో సంగతి కూడా తేలింది. పెడిక్యూర్‌కి ముందు కాళ్లు షేవ్ చేసుకున్నవాళ్లకి ప్రమాదం ఎక్కువైంది. రేజరు గీతలు కంటికి కనపడవు కానీ క్రిమికి అవి తెరిచిన తలుపులే. మీరందరూ పెళ్లికి ముందు చేసే పని సరిగ్గా అదే: పొద్దున వ్యాక్సింగో షేవింగో, మధ్యాహ్నం పెడిక్యూర్. వరస మార్చండి. పెడిక్యూర్ ముందు, మిగతావి తర్వాత.

అందుకే మోటారు తొట్టికంటే మామూలు స్టీలు బేసినో, మనిషి మారగానే తీసి పారేసే ప్లాస్టిక్ తొడుగు వేసిన టబ్బో నాకు నచ్చుతుంది. చూడ్డానికి అంత షోకుగా ఉండదు. దాక్కోడానికి మూల కూడా ఉండదు.

పనిముట్ల దగ్గర చాలామంది మోసపోతారు. నీలం రంగు నీళ్లలో కత్తెరలు నిలబెట్టి ఉంటే "అబ్బ, ఎంత శుభ్రం" అనుకుంటాం. ఆ మందునీళ్లు పనిచెయ్యాలంటే ముందు కత్తెరని సబ్బుతో తోమాలి, తర్వాత పూర్తిగా మునిగేలా పెట్టి మందు డబ్బా మీద రాసిన సేపు, సాధారణంగా పది నిమిషాలు, ఉంచాలి. పొట్టు అంటుకునే ఉన్న కత్తెరని అలా ముంచి తీస్తే అది తడుస్తుంది, అంతే. ఇంకొన్ని చోట్ల ఊదారంగు లైటు వెలిగే పెట్టె ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు తాము పడిన చోటే పనిచేస్తాయి. కత్తెర నోటి సందులోకి, పొట్టు కిందికి వెళ్లవు. కడిగి శుభ్రం చేసినవాటిని దాచుకునే అల్మరాగా ఆ పెట్టె బాగానే ఉంటుంది.

నమ్మదగింది ఆటోక్లేవ్. 1879లో పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్లాండ్ తయారుచేశాడు. ఒత్తిడి పెంచి నీటి ఆవిరిని 121 డిగ్రీలకి తీసుకెళ్లి, పావుగంట పైన ఉంచితే ఏ సూక్ష్మజీవీ, దాని విత్తనాలూ మిగలవు. మీ అమ్మమ్మ పప్పు ఉడికించే ప్రెషర్ కుక్కరు నడిచేదీ ఆ సూత్రం మీదే. ఆటోక్లేవ్ ఉన్న సెలూన్‌లో పనిముట్లు సీలు వేసిన కవరులోంచి నీ కళ్ల ముందు తీస్తారు. అట్టతో చేసిన ఆకురాయి, మడమలు రుద్దే ప్యూమిస్ రాయి, వేళ్ల మధ్య పెట్టే స్పాంజి మాత్రం ఏ మందుకీ పూర్తిగా లొంగవు. వాటి నిండా రంధ్రాలే. అవి ఒక మనిషికి ఒకసారే వాడాలి. చర్మపు పొట్టులో బూజు బీజాలు నెలల తరబడి బతికి ఉంటాయి మరి.

నా సలహా తేలిక: నీ కట్టరు, ఆకురాయి, ప్యూమిస్ నువ్వే పట్టుకెళ్లు. సిగ్గుపడకు. హోటల్లో మంచినీళ్ల బాటిలు సీలు చూసి తీసుకోడానికి ఎవరైనా సిగ్గుపడతారా?

గోరు పసుపుపచ్చగా మారినా, మందమెక్కినా, కింద సుద్దపొడిలా రాలినా, మంచం మీంచి లేచి వేలిని చూసుకుని "ఫంగస్" అని తీర్పు చెప్పేసుకోకు. వంకర తిరిగిన గోళ్లలో దాదాపు సగమే బూజువి. మిగతావి సోరియాసిస్, ఇరుకు బూట్ల ఒరిపిడి, పాత దెబ్బలు. ముదురు రంగు పాలిష్ రోజుల తరబడి ఉంచితే కూడా గోరు పచ్చబడుతుంది. చర్మ డాక్టరు గోటి కింది పొడి గీకి పంపిస్తే, ల్యాబ్‌లో పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కెరటిన్ కరిగించి, మైక్రోస్కోపులో బూజు దారాల కోసం చూస్తారు. చౌక పరీక్ష. గోరు కింద నల్లటి చార కొత్తగా కనిపిస్తే మాత్రం ఆలస్యం వద్దు. బాబ్ మార్లీ పేరు విన్నావుగా, మీ మామయ్య టీ షర్టు మీద ఉంటాడు. 1977లో అతని కాలి బొటనవేలి గోటి కింద ఉన్నది ఫుట్‌బాల్ దెబ్బ కాదు, చర్మ క్యాన్సరని తేలింది. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. అలాంటివి అరుదే. కానీ గోరు మీద రంగుంటే అరుదైనదీ కనపడదు, మామూలుదీ కనపడదు. పుచ్చిన గోటికి పాలిష్ వెయ్యడమంటే చెమ్మ పట్టిన గోడకి సున్నం కొట్టడమే.

వైద్యం దగ్గర ఓపిక కావాలి. చేతిగోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరిగితే కాలిగోరు అందులో సగమే పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. టెర్బినాఫిన్ మాత్రలైతే కాలిగోళ్లకి మామూలుగా 12 వారాలు ఇస్తారు, కాలేయం పరీక్ష చూసుకుని. మాత్రలు అయ్యేసరికి గోరు అలాగే వికారంగా ఉంటుంది. "పనిచెయ్యలేదు" అనుకుని జనం డాక్టరుని మార్చేస్తారు. పుచ్చిన భాగం మంచిగా మారదమ్మా, అది పెరిగి ముందుకు జరిగి కత్తిరించుకుపోవాలి. పసుపూ వేపనూనే పైన రాస్తే గోటి అడుగుదాకా వెళ్లవు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది మందులషాపులో అడిగి కొనుక్కునే తామర క్రీములు. చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, బూజు మాత్రం లోపల నిక్షేపంగా ఎదుగుతుంది. ఇలాంటి వాడకం మన దేశంలో మందులకి లొంగని తామరని పెంచి పోషించింది. 2020లో జపాన్‌లో, భారత్, నేపాల్ నుంచి వెళ్లినవాళ్ల చర్మంలో దొరికిన అలాంటి బూజుకి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరే పెట్టారు. మన దేశం పేరు అలా ఎక్కడం నాకేం గొప్పగా అనిపించలేదు.

అమ్మమ్మని కూడా సెలూన్‌కి లాక్కెళ్తానన్నావు. ఆవిడ్ని వదిలెయ్యి. షుగరు ఇన్నేళ్లున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, నీళ్లు కాలుతున్నా బ్లేడు తెగినా తెలీదు. ఆ చిన్న గాయమే పుండై కాలి మీదికొస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైమాటే. వాళ్ల కాళ్లకి ఇంట్లోనే, మంచి వెలుతురులో, మనమే గోళ్లు తీద్దాం. పారాణి నువ్వు పెట్టు.

మాల్‌లో పాదాల పొట్టు కొరికి తినే చేపల తొట్టి దగ్గర ఆగకు. చేపల్ని ఆటోక్లేవ్‌లో పెట్టలేం.

ఇంకొక్క మాట. ఇంతసేపూ నీ కాలి గురించే మాట్లాడాం. నీ పాదాల దగ్గర కూర్చుని రోజంతా ఊళ్లోవాళ్ల గోళ్లు రుద్దే అమ్మాయి ఉంటుంది. చేతులు ఎప్పుడూ తడిలోనే. క్యాండిడా అనే ఇంకో బూజు అలాంటి చేతులకే ఎక్కువ పడుతుంది, గోరుచుట్లు ఏళ్ల తరబడి మానవు. మన గోటి పొడి ఆవిడ ముక్కులోకీ వెళుతుంది. లోపలికి వెళ్లగానే తొట్టి కంటే ముందు ఆవిడ చేతులు చూడు. పనిచేసే మనిషికి గ్లౌజులూ మాస్కూ ఇవ్వని యజమాని నీ కత్తెరని పది నిమిషాలు మందులో నానబెడతాడని నేను నమ్మను. నువ్వూ నమ్మకు, అక్కని తీసుకుని ఇంకో చోటికి వెళ్లు.