సర్వర్ ఎవరిది, రిపేరు ఎవరిది?

ఏ వెబ్‌సైట్ అయినా ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉండాల్సిందే. ఆ సర్వర్‌ను కొన్నదెవరు, పాడైతే చూసుకునేదెవరు అని అడిగితే మేనేజ్డ్ హోస్టింగ్‌కీ కోలొకేషన్‌కీ ఉన్న తేడా తెలిసిపోతుంది.

మేనేజ్డ్ హోస్టింగ్‌లో సర్వర్ హోస్టింగ్ కంపెనీది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లూ, హార్డ్ డిస్క్ మార్చడమూ, రోజంతా కనిపెట్టుకుని ఉండడమూ వాళ్ల పనే. వాటన్నిటికీ కలిపి మనం నెలనెలా అద్దె కడతాం.

కోలొకేషన్‌లో సర్వర్ మనమే కొని డేటా సెంటర్‌లో పెట్టాలి. వాళ్లిచ్చేది ర్యాక్‌లో చోటు, ఆగని కరెంటు, చల్లదనం, నెట్ కనెక్షన్, కాపలా. చోటును ‘యు’లలో కొలుస్తారు. ఒక యు అంటే 1.75 అంగుళాల ఎత్తు, ర్యాక్ మొత్తం సాధారణంగా 42 యు.

ఈ పద్ధతిని గూగుల్ తొలినాళ్లలో భలేగా వాడుకుంది. 1999లో వాళ్ల కంప్యూటర్లు కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో, ఎక్సోడస్ అనే కంపెనీ డేటా సెంటర్‌లో, ఓ ఇనుప జాలీ కట్టిన గదిలో ఉండేవి. అద్దె చదరపు అడుగుల లెక్కన. కరెంటూ చల్లదనమూ అందులోనే. ఇంకేం, కంప్యూటర్ల పెట్టెలు తీసేసి, ట్రేల మీద కార్క్ అట్టలు పరిచి, ఒక్కో ట్రేలో నాలుగేసి మదర్‌బోర్డులు కుక్కారు. సర్వర్ సొంతమైతేనే ఇలాంటి వేషాలు వేయగలం. ఇప్పుడైతే చాలాచోట్ల కరెంటుకు కిలోవాట్ల లెక్కన కట్టాలి కాబట్టి ఆ ఉపాయం పారదు.

సొంతమన్నాక చాకిరీ కూడా మనదే. అర్ధరాత్రి డిస్క్ పోతే మన మనిషి పరిగెత్తాలి, లేదా అక్కడి సిబ్బందికి గంటల లెక్కన డబ్బిచ్చి చేయించుకోవాలి. కంప్యూటర్లు తెలిసిన ఉద్యోగి లేని చిన్న వ్యాపారానికి కోలొకేషన్ దండగే అంటాను. పదుల సర్వర్లు ఏళ్ల తరబడి ఒకే తీరున నడిచేచోట మాత్రం కొనుక్కోవడమే చవక పడొచ్చు.

ఏది ఎంచుకున్నా బ్యాకప్ సంగతి ముందే తేల్చుకోవాలి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. వేరేచోట కాపీ ఉంచుకోని కస్టమర్లలో చాలామంది డేటా పోగొట్టుకున్నారు. కాబట్టి సంతకం పెట్టేముందు బ్యాకప్ ఏ ఊళ్లో ఉంటుందో, తిరిగి తెప్పించుకోవడానికి ఎన్ని గంటలు పడుతుందో ఒప్పందంలో రాయించుకోండి.