సగం ఇగ్లూలో షూటింగ్!

మంచుతో ఇల్లు కట్టుకునే మనుషుల్ని నేను మొదటిసారి చూసింది తెర మీదే. కాలేజీ రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ వేశారు. రాబర్ట్ ఫ్లాహర్టీ తీయగా 1922లో విడుదలైన మూకీ చిత్రం. కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున బతికే ఇన్యూట్‌ల కథ. చిన్నప్పుడు మనం ఎస్కిమోలని చదువుకున్నది వీళ్ల గురించే.

నానూక్ గట్టిపడిన మంచుని కత్తితో దిమ్మలుగా కోస్తాడు. గుండ్రంగా పేర్చుకుంటూ పోతాడు. చివర్లో అద్దంలాంటి ఐస్ పలకని కిటికీగా బిగించి, పక్కన ఒక మంచు దిమ్మ నిలబెట్టి, వెలుతురుని లోపలికి మళ్లిస్తాడు! హాల్లో ఒకటే చప్పట్లు. నేనూ కొట్టాను.

తర్వాత అసలు సంగతి చదివాను. హీరో అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. తెర మీద భార్య ఆయన భార్యే కాదు. అప్పటికే తుపాకులు వాడుతున్న వాళ్లు, దర్శకుడి కోసం తాతల నాటి ఈటెలతో వాల్రస్‌ని వేటాడారు. ఇగ్లూలో కెమెరాకి వెలుతురు చాలక, ఒకవైపు తెరిచి ఉన్న సగం ఇగ్లూ కట్టి, నిద్రపోయే సీను అందులో తీశారు. ఆ చలిలో! గ్రామఫోన్ రికార్డుని కొరికి చూసే అమాయకత్వం కూడా నటనే.

నిజం చెప్పొద్దూ, మోసపోయాననిపించింది. కానీ ఆలోచిస్తే... ఆ కిటికీ అబద్ధమా? ఆ చేతుల పనితనం నటనా? పైగా ఫిల్ము కడగడానికి ఐసు పగలగొట్టి నీళ్లు మోసిందీ వాళ్లే. వాళ్ల అసలు పేర్లు మాత్రం తెర మీద పడలేదు. నాకు బాధ కలిగించింది అదీ!

ఆ బాకీ తీరడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. 2001లో ‘అతనార్జువాట్’ వచ్చింది. దర్శకుడు జకారియాస్ కునుక్ స్వయంగా ఇన్యూట్. సంభాషణలన్నీ వాళ్ల ఇనుక్టిటుట్ భాషలోనే. కేన్స్‌లో తొలి చిత్రానికిచ్చే ‘కెమెరా డోర్’ బహుమతి కొట్టింది. శత్రువులు తరుముతుంటే హీరో ఒంటి మీద నూలుపోగు లేకుండా, సముద్రపు మంచు మీద పరిగెత్తే సీను చూసి తీరాలి!

ఇందులోనూ తోలు దుస్తులు, సీల్ నూనె దీపాలు, ఇగ్లూలు ఉన్నాయి. ఇక్కడా ఈ కాలపు మనుషులు తాతల వేషాలే కట్టారు. మరి తేడా ఏమిటంటారా? చివర పేర్లు పడేటప్పుడు షూటింగ్ దృశ్యాలు చూపిస్తారు. ‘ఇది మేం ఆడిన నాటకం, మా తాతల కథ’ అని ధైర్యంగా చెప్పుకున్నట్టుంటుంది.

పేర్లు పడుతున్నాయని లేచి వెళ్లకండేం! అసలు క్లైమాక్స్ అదే.